జాకెట్టు ముక్క

పరభాషాపదములు మన యింటికి వచ్చి కాపురముండుట క్రొత్త కాదు. కాని కొన్ని పదములు వచ్చిన తరువాత తమ పుట్టింటిని పూర్తిగా మరచిపోవును. జాకెట్టు అట్టి మాట. ఇంగ్లండులో జాకెట్టు అనగా చలికి చొక్కాపై తొడుగుకొను పొట్టి కోటు. స్త్రీలును పురుషులును తొడుగుకొందురు. తెలుగింట జాకెట్టు అనగా చీరకు జతయైన రవిక. బట్టల అంగడికి పోయి "జాకెట్టు ముక్క" అని అడిగినచో ఏ అంగడివాడును కోట్లు తీసి చూపడు. చీర రంగేమని అడిగి తానులు దించును.

ఈ మాట రాకపూర్వము మనకు మాటలు లేకపోలేదు. రవిక కలదు, కావ్యభాషలో కంచుకము, కుప్పసము కలవు. పేర్లెన్ని యున్నను క్రియ మాత్రము ఒక్కటే: తొడుగుట. చీర కట్టుకొందురు, పైట వేసికొందురు, రవిక తొడుగుకొందురు. ఈ క్రియాభేదములో గొప్ప సంగతి దాగియున్నది. కట్టునది ఎవరికైనను సరిపోవును. తల్లి చీరను కూతురు కట్టుకొనవచ్చును, వదినగారి చీరను ఆడబిడ్డ కట్టుకొనవచ్చును. తొడుగునది అట్లు కాదు. దానికి కొలత కావలెను. కొలత అనగానే ఒక ప్రశ్న పుట్టును: ఎవరి కొలత? దానిని నిర్ణయించువారెవరు? తన తొడుగును తాను కుట్టుకొనుటను గూర్చి ఆలోచించునప్పుడు మొదట తేల్చుకొనవలసిన ప్రశ్న ఇదియే.

తొడుగునకై జరిగిన పోరు

రవికను ఒక అలంకారముగా మాత్రమే చూచువారు తిరువాన్కూరు చరిత్రను జ్ఞాపకము చేసికొనవలెను. అచ్చట నాడారు మొదలైన కులముల స్త్రీలు నడుమునకు పైభాగమున వస్త్రము ధరింపరాదని కట్టడి యుండెడిది. క్రైస్తవమతము పుచ్చుకొనిన నాడారు స్త్రీలు రవిక తొడుగుటకు 1810 దశకములో కర్నలు జాన్ మన్రో అనుమతి నిచ్చెను. ఈయన మన దత్తమండలముల వారికి సుపరిచితుడైన థామస్ మన్రో కాడు. తిరువాన్కూరులో రెసిడెంటుగాను, దివానుగాను పనిచేసిన వేరొక మన్రో. ఆ రవికను మలయాళమున కుప్పాయము అందురు. మన కావ్యములలోని కుప్పసమునకు అది దగ్గర చుట్టమని వినగానే తెలియుచున్నది.

ఆ అనుమతితో కలహము తీరలేదు. బజారులలో స్త్రీల పైబట్టలు లాగివేసినారు. 1829లో రాజశాసనము మరల నిషేధమును పలికినది. ముప్పదేండ్ల ఘర్షణ తరువాత 1859లో నాడారు స్త్రీలందరును రవిక తొడుగవచ్చునని శాసనము వెలువడినది. అప్పటికిని, అగ్రకులముల స్త్రీలవలె పైబట్ట వేసికొనరాదను షరతు ఉండనే యుండెను. మూరెడు గుడ్డ కొరకు ఇంత జరిగినది. గుడ్డ ఎవరిది, ఒళ్ళు ఎవరిది, తొడుగు మాట నిర్ణయించునది ఎవరు అనునదియే ఆ తగవు.

ఇంచుమించు ఆ కాలముననే, 1860 దశకములో, వంగదేశమున ఠాకూరుల యింటి కోడలు జ్ఞానదానందినీదేవి భర్త సత్యేంద్రనాథుని వెంట బొంబాయికి పోయి, చీరతోపాటు రవికను, లోవస్త్రమును ధరించు పద్ధతిని అలవరచుకొని కలకత్తాకు తెచ్చినది. నలుగురిలోనికి రాదలచిన స్త్రీకి నలుగురిలో తొడుగదగిన దుస్తు కావలసి వచ్చినది. తిరువాన్కూరులో శాసనముతో పోరాడిన స్త్రీలకును, కలకత్తాలో ఆచారముతో పోరాడిన ఈమెకును స్థితిగతులలో ఎంతో దూరమున్నది. కాని ఉభయులు కోరినది తమ తొడుగుపై తమ అధికారమునే.

యంత్రము ఇంటికి వచ్చినది

ఆ అధికారమును సామాన్యుల యింటికి తెచ్చినది కుట్టుమిషను. దాని పుట్టుక మాత్రము శుభప్రదము కాదు. ఫ్రాన్సు దేశమున తిమొన్నియే అను దర్జీ 1830లో కుట్టుయంత్రమునకు హక్కు పొంది, సైనికుల దుస్తులు కుట్టుటకు దాదాపు 80 యంత్రములతో కర్మాగారము పెట్టగా, పారిసు దర్జీలు తమ కూడు పోవునని భయపడి 1831లో దానిపై పడి యంత్రములను విరుగగొట్టిరి. తరువాత అమెరికాలో ఎలియాస్ హౌ 1846లోను, ఐజాక్ సింగరు 1851లోను పేటెంట్లు పొందిరి. హౌ సూదిలోని కిటుకు చిన్నది, గొప్పది: చేతిసూదికి కన్ను మొదట నుండును; మిషను సూదికి మొన దగ్గర నుండును. పైదారమును సూది క్రిందికి దింపగా, బొబ్బినులోని దారము దానితో పెనవేసికొని గుడ్డ నడుమ ముడిపడును. అందుచేతనే మిషను కుట్టు రెండువైపుల ఒకే తీరుగా కనిపించును.

సింగరు సంస్థవారు 1856 మొదలు వాయిదాల మీద మిషన్లను అమ్మసాగిరి. ఒక్కసారి సొమ్ము పెట్టలేని సంసారులకు అది వరమైనది. మన దేశములో 1930 దశకమున కలకత్తా జయ ఇంజనీరింగు వర్క్సు నుండి ఉషా మిషన్లు వెలువడినవి.

యంత్రములను అంతగా మెచ్చని గాంధీమహాత్ముడు సైతము దీనిని మన్నించినాడు. 1924లో ఢిల్లీలో రామచంద్రన్ అను విద్యార్థి, మీరు యంత్రములన్నిటికిని విరోధులా అని అడుగగా, సింగరు మిషను ఉపయోగకరమైనదనియు, భార్య చేతికుట్టుతో పడుచున్న శ్రమ చూడలేక ప్రేమతో సింగరు దీనిని కల్పించెననియు ఆయన చెప్పెను. నిజమునకు సింగరు బోస్టనులోని ఒక కర్మశాలలో ఇతరుల యంత్రములను బాగుచేయుచు తన యంత్రమును రూపొందించినాడు. ప్రేమకథ వట్టి కథయే. ఐనను గాంధీగారి భావము సత్యము. మనిషిని తొలగించు యంత్రము వేరు, మనిషి చేతికి బలమిచ్చు యంత్రము వేరు. ఇంటిమూలనున్న కుట్టుమిషను రెండవ జాతికి చెందినది. భర్తను కోల్పోయి, చదువు లేక, పరుల యింట పనికి పోలేని ఎందరో స్త్రీలు ఆ మిషనును త్రొక్కి పిల్లలను చదివించుకొన్న సంగతి ప్రతి వీధివారికిని తెలిసినదే.

తిరుగుచున్న ముక్కలు

ఇక మన ముక్క దగ్గరకు వత్తము. పేరంటమునకు వచ్చిన ముత్తైదువకు పసుపు, కుంకుమ, తాంబూలముతోపాటు జాకెట్టు ముక్క పెట్టుట మన ఆచారము. 80 సెంటీమీటర్లు మొదలు మీటరు వరకు ఉండును. అది గౌరవచిహ్నము, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు, వంగపండు, చిలకపచ్చ రంగులతో కన్నుల పండువుగా నుండును. కాని నేటి స్థితి యేమి? ఆ ముక్క బీరువాలోని దొంతరలో చేరి, మరియొక నోముననో గృహప్రవేశముననో ఇంకొక యింటికి పోవుచున్నది. పది యిండ్లు తిరిగినను సూది మొన ఎరుగని ముక్కలు ఎన్నియో కలవు. కుట్టుబడి కూలి ముక్క ధరను మించిపోవుట ఒక కారణము; కుట్టు తెలిసిన చేయి ఇంట లేకపోవుట అసలు కారణము.

ఆ దొంతరయే కుట్టు నేర్వదలచిన వారికి మంచి పాఠశాల. ఖరీదైన గుడ్డ పాడగునను భయము లేదు. నాలుగు ముక్కలు చెడిపోయినను ఐదవది తొడుగుటకు వచ్చును.

కత్తెర పట్టుటకు ముందు

నూలుగుడ్డను మొదట తడిపి ఆరవేయవలెను. గుడ్డ క్రుంగునది ఉతుకులోనే కాబట్టి, కత్తిరించిన తరువాత క్రుంగిన జాకెట్టును బాగుచేయుట కష్టము. పెడన కలంకారీ వంటి అద్దకపు గుడ్డ విషయములో ఇది మరింత ముఖ్యము. సంప్రదాయరీతిని కరక్కాయ కషాయములో ముంచి, పటిక, ఇనుపనీరు ఆధారముగా రంగులెక్కించిన గుడ్డ తొలి ఉతుకులలో కొంత రంగు విడుచును. దానిని వేరుగా తడిపి నీడను ఆరవేయవలెను.

తరువాత కొలత. టేపుతో ఒళ్ళు కొలుచుట మంచిదే. కాని క్రొత్తవారికి అంతకన్న నమ్మకమైన గురువు మరొకటి కలదు. చక్కగా సరిపోయి, పాతబడి మూలబడిన జాకెట్టు నొకదానిని తీసికొని కుట్లన్నియు మెల్లగా విప్పవలెను. వీపు, ముందుభాగములు, చేతులు, మెడపట్టీ, నడుముపట్టీ విడివిడిగా నేలపై పరచుకొన్నచో, గుండ్రని దేహమునకు చదునైన గుడ్డ ఎట్లు అమరినదో కన్నులకు కట్టినట్లు తెలియును. చంకభాగము ముందు ఎంత లోతుగా, వెనుక ఎంత తక్కువగా కత్తిరించినారో, డార్టు ఎచ్చట మొదలై ఎచ్చట సన్నగిల్లినదో అదియే చెప్పును. ఆ ముక్కలను కాగితముపై గీసికొన్నచో జీవితకాలపు మూస సిద్ధమైనట్లే.

గుడ్డకు రెండు దిక్కులు కలవు: పడుగు, పేక. ఆ రెండింటి వెంబడి లాగిన గుడ్డ అంతగా సాగదు. మూలగా లాగిన సాగును. మన దర్జీలు "క్రాసు కటింగు" అనుదానిలోని రహస్యమిదే. ముందుభాగమును ఏటవాలుగా కత్తిరించినచో గుడ్డ ఒంటి వంపులను అనుసరించును. మెడకును, చేతులకును వేయు పైపింగు పట్టీని కూడ ఏటవాలుగానే కత్తిరింపవలెను. నిలువుగా కత్తిరించిన పట్టీ వంపుల వద్ద ముడుతలు పడును. ఐతే ఏటవాలు కత్తిరింపునకు గుడ్డ ఎక్కువ పట్టును. చిన్న ముక్క అయినచో నిలువు కత్తిరింపుతో తృప్తిపడవలెను.

ముక్కల నుండి పలుచని కోటు

ఒక ముక్కతో ఒక రవిక అగును. కొన్ని ముక్కలు కలిపినచో, జాకెట్టు అను మాట పుట్టింటి అర్థమునకు మరల పోవచ్చును: కుర్తాపై తొడుగుకొను చేతులు లేని పలుచని కోటు. వీపునకు ఒక ముక్క, ఎదుటి కుడి ఎడమలకు వేరువేరు రంగుల రెండు ముక్కలు, పట్టీలకును జేబులకును నాలుగవది. లోపల అస్తరునకు పాత నూలుచీర కన్న మెత్తనిది దొరకదు. మొదట భుజములు, తరువాత ప్రక్కలు కుట్టి, అస్తరును కూడ అట్లే కుట్టి, రెండింటిని ఉల్టాభాగములు కలియునట్లు ఒకదానిలో నొకటి అమర్చి, అంచుల చుట్టును ఏటవాలు పట్టీతో మూసినచో పని ముగిసినది. కాజాలు తీయుట రాని వారు దారపు ముడులను, ఉక్కులను వాడవచ్చును.

రంగుల పొందికకు నియమము లేదు గాని, గుడ్డ స్వభావము తెలియవలెను. మంగళగిరి నూలు సాదాగా నుండి అంచుతో శోభించును. ఆ అంచును కత్తిరించి పారవేయక కోటు ఎదుట నిలువుగా దింపినచో వేరే అలంకారము అక్కరలేదు. పోచంపల్లి గుడ్డలో నేతకు ముందే పోగులకు చిటికి కట్టి రంగులద్దుదురు. దానిని మడచి రెండు పొరలు ఒకేసారి కత్తిరించినచో నమూనా కుడియెడమల కలియదు. ఒక్కొక్క పొరగా, బొమ్మను చూచుకొని కత్తిరింపవలెను. అద్దములు కుట్టుటలో లంబాడీ స్త్రీలను మించినవారు లేరు. వారి రవిక పేరు కాంచళి. చిన్న చిన్న ముక్కలు కలిపి, అద్దములు, గవ్వలు, దారపు కుట్లు పొదిగిన ఆ తొడుగును చూచినచో, రంగులు కలియవను మాటకు అర్థమే లేదనిపించును.

చేతికి పని, చేతికి అధికారము

ఒక ఆక్షేపణ కలదు. అసలే ఇంటిచాకిరితో సతమతమగు స్త్రీలకు ఇది మరియొక చాకిరి కాదా? న్యాయమైన ప్రశ్నయే. కుట్టు విధిగా మారినచో అది శిక్షయే యగును. కాని ఇందులో ఒక విచిత్రమున్నది. ఇంట కుట్టుట ఆడపని అందురు; అంగడిలో కుట్టువారిలో తరతరములుగా పురుషులే ఎక్కువ. తెలంగాణములో మేరవారికి అది కులవృత్తి. డబ్బు వచ్చు చోట పురుషుని విద్య, రాని చోట స్త్రీ ధర్మము అనుట తగదు. చొక్కా బొత్తాము ఊడిన కుమారునికిని సూది పట్టుట నేర్పవలెను. ఇంట నేర్చినంత మాత్రమున దర్జీ కూడు పోదు. చేతిపని తెలిసినవారే మంచి పనికి తగిన కూలి ఇత్తురు.

సిద్ధముగా అమ్ము దుస్తులను నిందింప నక్కరలేదు. అవి చౌక, సత్వరము దొరకును. కాని చిన్న, నడిమి, పెద్ద అను మూడు నాలుగు మూసలలోనికి సమస్తజనమును అవి ఒదిగింపజూచును. సరిపోనిచో లోపము బట్టలో నున్నదనుకొనక తమ ఒంటిలో నున్నదని ఆడపిల్లలు బాధపడుచున్నారు. తన కొలత తాను తీసికొని, మూస తాను గీసికొన్న పిల్లకు ఆ బాధ ఉండదు. ఒక భుజము కొంచెము వాలి యున్నచో ఆ వైపు గుడ్డను సర్దుకొనవలెనని మాత్రమే ఆమె ఎరుగును. ఆమెకు అది అవమానము కాదు, కొలత.

జాకెట్టును ఉల్టా చేసి చూడుడు. కర్మాగారములో కుట్టినదానికి ప్రక్కల గుడ్డ అతి స్వల్పముగా నుండును. వేల దుస్తులలో అంగుళము అంగుళముగా మిగిలిన గుడ్డయే వారి లాభము. మన వీధి దర్జీయో, ఇంటి ఇల్లాలో కుట్టినదానికి ప్రక్కన అంగుళమునకు పైగా గుడ్డ లోపల మడచి, వరుసగా రెండు మూడు కుట్లు వేసి యుండును. ఒళ్ళు చేసినప్పుడు ఒక కుట్టు విప్పుదురు. ప్రసవము తరువాత మరియొకటి విప్పుదురు. చిక్కినప్పుడు మరల వేసికొందురు. మనిషి మారుననియు, మారుట తప్పు కాదనియు తెలిసిన చేయి ఉంచిన గుడ్డ అది. బీరువాలో తిరుగుచున్న ఆ ముక్కలలో ఒకదానిని ఈ ఆదివారము తడిపి ఆరవేయుడు. వచ్చే ఆదివారమునకు కత్తెర పట్టవచ్చును.