రాస్ప్‌బెర్రీ పైలో వైఫై రావట్లేదా? కార్డ్ ఫార్మాట్ కొట్టే ముందు ఒక్క కమాండ్ చూడండి

ఫైనలియర్ ప్రాజెక్ట్ రివ్యూకి ఇంకా రెండే రోజులు. సెన్సర్లు రీడింగ్ ఇస్తున్నాయి, పైథాన్ కోడ్ నడుస్తోంది, రాస్ప్‌బెర్రీ పై మాత్రం వైఫై ఎక్కట్లేదు. ఇలాంటప్పుడు మనలో చాలామంది చేసే పని ఒకటే: ఎస్‌డీ కార్డ్ పీకి, ఓఎస్ మళ్లీ ఫ్లాష్ చేయడం. దాంతో కార్డ్‌లో ఉన్న కోడ్, ఇన్‌స్టాల్ చేసిన లైబ్రరీలు, లాగ్స్ అన్నీ పోతాయి. ఆ లాగ్స్‌లోనే జబ్బేంటో రాసి ఉంటుంది. తమాషా ఏంటంటే, కొత్త ఓఎస్ మీద కూడా వైఫై అలాగే మొరాయిస్తుంది, ఎందుకంటే చాలాసార్లు తప్పు ఓఎస్‌లో ఉండదు.

మీ బోర్డుకి మానిటర్ లేదనుకుంటే ఇంట్లో టీవీ ఉందిగా. హెచ్‌డీఎంఐ కేబుల్, ఒక యూఎస్‌బీ కీబోర్డు చాలు. కేబుల్ చివర మాత్రం చూసుకోండి, పై 4, పై 5లో మైక్రో హెచ్‌డీఎంఐ, జీరోలో మినీ హెచ్‌డీఎంఐ ఉంటాయి. లేదంటే లాన్ కేబుల్‌తో రూటర్‌కి కలిపి ఎస్‌ఎస్‌హెచ్‌లో లోపలికి వెళ్లండి. వైఫై ద్వారానే వైఫైని బాగుచేద్దాం అనుకుంటే మాత్రం కష్టం.

ఇక్కడ కమాండ్ల పేర్లు పలికినట్టే రాస్తున్నాను, మీరు టెర్మినల్‌లో ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి.

ముందుగా కొట్టాల్సింది "ఎన్‌ఎంసీఎల్‌ఐ డివైస్ స్టేటస్". వచ్చే పట్టికలో "డబ్ల్యూలాన్0" అనే వరుస చూడండి. మీ ఆన్‌బోర్డ్ వైఫై అదే. దాని పక్కన స్టేట్ అనే కాలమ్‌లో ఉండే ఒక్క పదాన్ని బట్టి ఎక్కడ వెతకాలో తేలిపోతుంది. "అన్‌అవైలబుల్" అంటే రేడియోనే ఆఫ్‌లో ఉంది. "డిస్‌కనెక్టెడ్" అంటే రేడియో బాగానే ఉంది, నెట్‌వర్క్‌లో చేరలేదు. "కనెక్టెడ్" అని ఉన్నా నెట్ రావట్లేదంటే వైఫై తన పని తాను చేసింది, సమస్య ఆ తర్వాత ఉంది. "అన్‌మేనేజ్డ్" అని వస్తే దాని కథ వేరు, కింద చెప్తాను. అసలు ఆ వరుసే లేకపోతే డ్రైవర్‌గానీ, ఫర్మ్‌వేర్‌గానీ, బోర్డుగానీ అనుమానించాలి. పై 3 కంటే పాత మోడళ్లలో అసలు ఆన్‌బోర్డ్ వైఫై లేదు, అది 2016లో పై 3 మోడల్ బీతోనే వచ్చింది. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవాళ్లు ముందు మోడల్ పేరు చదువుకోండి.

ఫోన్ చార్జర్ సంగతి

స్టేట్ ఏది వచ్చినా సరే, పవర్ చెక్ చేయకుండా ముందుకెళ్లొద్దు. దీని మీద కాస్త ఎక్కువే రాస్తున్నాను, ఎందుకంటే గాడ్జెట్లు ఇష్టపడేవాళ్ల ఇంట్లో ఫాస్ట్ చార్జర్లు కుప్పలుగా ఉంటాయి, "67 వాట్ల చార్జర్ పెట్టా బ్రో, పవర్ ప్రాబ్లమే ఉండదు" అన్న ధీమా కూడా ఉంటుంది.

ఆ 67 వాట్లు ఫోన్‌తో మాట్లాడుకున్నాక, ఎక్కువ వోల్టేజ్ దగ్గరో, కంపెనీ సొంత ప్రోటోకాల్ మీదో వచ్చే లెక్క. మన బోర్డుకి కావాల్సింది 5 వోల్టులు మాత్రమే. ఆ 5 వోల్టుల దగ్గర చార్జర్ ఎన్ని ఆంపియర్లు ఇస్తుందో దాని వెనక చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, చాలావాటిలో 2 లేదా 3 ఉంటుంది. పై 4కి 5.1 వోల్టులు, 3 ఆంపియర్లు కావాలి. పై 5కి అయితే 5.1 వోల్టుల దగ్గర 5 ఆంపియర్ల సప్లై సిఫార్సు చేస్తారు. మామూలు పీడీ చార్జర్లు 5 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లతో ఆగిపోతాయి. పై 5 అలా కూడా బూట్ అవుతుంది కానీ యూఎస్‌బీ పోర్టులకి ఇచ్చే కరెంట్‌ని 600 మిల్లీ ఆంపియర్లకి కుదించేస్తుంది. చార్జర్ బాగున్నా సన్నటి కేబుల్‌లో వోల్టేజ్ పడిపోవచ్చు, దాన్ని మర్చిపోకండి.

చెక్ చేయడం తేలిక. "వీసీజెన్‌సీఎండీ", ఒక ఖాళీ, తర్వాత "గెట్", అండర్‌స్కోర్, "థ్రాటిల్డ్" కొట్టండి. 0ఎక్స్0 వస్తే పవర్‌కి క్లీన్‌చిట్. 0ఎక్స్50000 వస్తే బూట్ అయ్యాక ఎప్పుడో ఒకసారి వోల్టేజ్ పడిపోయి, ప్రాసెసర్ స్పీడ్ తగ్గిందని అర్థం. 0ఎక్స్50005 అంటే ఇప్పుడు, ఈ క్షణంలో కూడా పడిపోయి ఉంది. పై 4 లాంటి బోర్డుల్లో 4.63 వోల్టుల కిందకి దిగితే ఈ హెచ్చరిక వస్తుంది. పవర్ ఇలా ఊగుతుంటే వైఫై చిప్ ఉన్నట్టుండి చేతులెత్తేస్తుంది, ముఖ్యంగా కెమెరా, మోటార్ డ్రైవర్ లాంటివి అదే బోర్డు మీద బతుకుతున్నప్పుడు. సర్వో మోటార్ తిరిగిన ప్రతిసారీ వైఫై పోతోందంటే రూటర్‌ని తిట్టకండి. మోటార్‌కి వేరే సప్లై ఇచ్చి, గ్రౌండ్ మాత్రం కలపండి.

2023 ముందు ట్యుటోరియల్ చూస్తున్నారా?

తెలుగులో గానీ ఇంగ్లిష్‌లో గానీ మీకు దొరికే పాత వీడియోల్లో ఒకటే ట్రిక్ కనిపిస్తుంది. బూట్ పార్టిషన్‌లో "డబ్ల్యూపీఏ సప్లికెంట్ డాట్ కాన్ఫ్" అనే ఫైల్ పెట్టి, అందులో వైఫై పేరు, పాస్‌వర్డ్ రాసి బోర్డు ఆన్ చేయండి అంటారు. ఒకప్పుడు బ్రహ్మాండంగా పనిచేసేది. 2023 అక్టోబరులో రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ బుక్‌వార్మ్ వెర్షన్‌కి మారాక ఆ ఫైల్‌ని పట్టించుకునేవాడు లేడు. నెట్‌వర్క్ వ్యవహారం మొత్తం నెట్‌వర్క్‌మేనేజర్ అనే ప్రోగ్రామ్ చేతికి వెళ్లిపోయింది. మీరు ఆ ఫైల్ ఎన్నిసార్లు రాసినా ఎర్రర్ కూడా రాదు, ఊరికే మౌనంగా ఉంటుంది. ఆ మౌనమే కొత్తవాళ్లని రోజుల తరబడి తిప్పుతుంది.

ఇంకో పాత సలహా దీనికంటే ప్రమాదం. "ఇంటర్‌ఫేసెస్" అనే ఫైల్‌లో డబ్ల్యూలాన్0 గురించి నాలుగు లైన్లు పేస్ట్ చేయమంటారు. అలా చేస్తే నెట్‌వర్క్‌మేనేజర్ "ఓహో, దీన్ని ఇంకెవరో చూసుకుంటున్నారు" అనుకుని తప్పుకుంటుంది. పైన చెప్పిన "అన్‌మేనేజ్డ్" స్టేట్ చాలావరకు ఇలాగే వస్తుంది. ఆ లైన్లు తీసేసి రీబూట్ చేయండి.

ఇప్పటి పద్ధతి ఏంటంటే, ఫ్లాష్ చేసేటప్పుడే రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్ సెట్టింగ్స్‌లో వైఫై వివరాలు, దేశం, ఎస్‌ఎస్‌హెచ్ ఇచ్చేయడం. ఇప్పటికే ఓఎస్ ఉన్న బోర్డు మీద అయితే "సుడో ఎన్‌ఎంటీయూఐ" కొడితే బాణం గుర్తులతో తిరిగే మెనూ వస్తుంది, అందులో నెట్‌వర్క్ ఎంచుకోవచ్చు. కమాండ్లు గుర్తుపెట్టుకోవడం మీద మోజు లేనివాళ్లకి ఇదే బెస్ట్.

"అన్‌అవైలబుల్": దేశం చెప్పకపోతే రేడియో లేవదు

ఏ దేశంలో ఏ వైఫై చానెళ్లు వాడొచ్చో చట్టం నిర్ణయిస్తుంది. అందుకే 5 గిగాహెర్ట్జ్ ఉన్న బోర్డుల్లో మీరు దేశం చెప్పేవరకు రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ రేడియోని లాక్ చేసి ఉంచుతుంది. "ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్" కొట్టి, "సాఫ్ట్ బ్లాక్డ్" ఎదురుగా ఎస్ అని ఉంటే ఇదే కేసు. "సుడో రాస్పీ-కాన్ఫిగ్" తెరిచి, లోకలైజేషన్ ఆప్షన్స్‌లో డబ్ల్యూలాన్ కంట్రీకి వెళ్లి ఇండియా ఎంచుకోండి.

దేశం తప్పుగా పెట్టినా ఒక తలనొప్పి ఉంది. మన దగ్గర 2.4 గిగాహెర్ట్జ్‌లో 1 నుంచి 13 దాకా చానెళ్లు వాడొచ్చు. అమెరికా సెట్టింగ్‌లో 11 దగ్గరే ఆగిపోతాయి. ట్యుటోరియల్‌లో చూసి దేశం యూఎస్ అని కొట్టారనుకోండి, రూటర్ ఆటోలో ఉండి 12కో 13కో మారిన రోజు మీ నెట్‌వర్క్ లిస్ట్‌లోంచి మాయం. నిన్న వచ్చింది ఈరోజు ఎందుకు రాలేదంటే జవాబు ఇలాంటిచోట ఉంటుంది.

"డిస్‌కనెక్టెడ్": కనిపిస్తోందా, లేదా?

"ఎన్‌ఎంసీఎల్‌ఐ డివైస్ వైఫై లిస్ట్" కొట్టండి. చుట్టుపక్కల నెట్‌వర్క్‌లు కనిపిస్తూ మీది ఒక్కటే లేకపోతే, బ్యాండ్ చూడండి. పై 3 మోడల్ బీ, జీరో డబ్ల్యూ, జీరో 2 డబ్ల్యూ ఇవన్నీ 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే. మీ రూటర్‌లో 5 గిగాహెర్ట్జ్‌కి వేరే పేరు ఉంటే, ఆ పేరు ఈ బోర్డులకి జన్మలో కనపడదు. ఫోన్ హాట్‌స్పాట్ కూడా అంతే. ఆండ్రాయిడ్‌లో హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో బ్యాండ్‌ని 2.4కి మార్చండి, ఐఫోన్ 12, ఆపైవాటిలో "మ్యాగ్జిమైజ్ కంపాటిబిలిటీ" ఆన్ చేయండి.

మీ నెట్‌వర్క్ పేరు కనిపిస్తున్నా చేరట్లేదంటే ముందు సెక్యూరిటీ మోడ్ చూడండి. రూటర్‌ని గానీ హాట్‌స్పాట్‌ని గానీ పూర్తిగా డబ్ల్యూపీఏ3లో పెడితే ఆన్‌బోర్డ్ చిప్ ఇబ్బంది పెట్టొచ్చు, డబ్ల్యూపీఏ2కి మార్చి చూడండి. "సీక్రెట్స్ వర్ రిక్వైర్డ్" అనే ఎర్రర్ వస్తే అప్పుడు పాస్‌వర్డ్ తప్పు అనుకోవచ్చు. ఐఫోన్ వాడేవాళ్లకి ఒక చిన్న చిక్కు: ఫోన్ పేరులో వచ్చే అపాస్ట్రఫీ వంకర గుర్తు, మీ కీబోర్డు మీద ఉండేది నిటారు గుర్తు. కంటికి ఒకేలా ఉన్నా బోర్డుకి అవి రెండు వేరే పేర్లు. ఫోన్ పేరునే సింపుల్‌గా మార్చేస్తే గొడవ వదిలిపోతుంది.

సిగ్నల్ వీక్‌గా ఉంటే కేస్ తీసి చూడండి. ఈ బోర్డుల యాంటెన్నా చాలా చిన్నది, బోర్డు మీదే ఒక మూల ఉంటుంది. చుట్టూ అల్యూమినియం డబ్బా బిగిస్తే అది ఊపిరాడక చస్తుంది. చూడ్డానికి స్టైల్‌గా ఉండే మెటల్ కేస్ వైఫై ప్రాజెక్ట్‌కి నా ఓటు మాత్రం పొందదు.

"కనెక్టెడ్" అయినా నెట్ లేదు

హాస్టల్, కాలేజ్ వైఫైల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. చేరగానే బ్రౌజర్‌లో లాగిన్ పేజీ రావాలి, స్క్రీన్ లేని బోర్డు ఆ పేజీలో ఎవరి రోల్ నంబర్ కొడుతుంది? డెమో రోజు సొంత ఫోన్ హాట్‌స్పాట్ నమ్ముకోవడమే మేలు. ఇంకోటి, బోర్డుకి నెట్ వస్తోంది కానీ ల్యాప్‌టాప్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్ కావట్లేదు అంటే రెండూ గెస్ట్ నెట్‌వర్క్‌లో ఉన్నాయేమో చూడండి. గెస్ట్‌లో ఉన్న డివైస్‌లు ఒకదాన్నొకటి చూసుకోకుండా రూటర్లు అడ్డుకుంటాయి.

పింగ్ వెళ్తోంది, కానీ ఇన్‌స్టాల్ చేయబోతే సర్టిఫికెట్ ఎర్రర్లు వస్తున్నాయా? "డేట్" అని కొట్టండి. పై 4 దాకా ఈ బోర్డుల్లో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. పై 5లో గడియారం ఉంది కానీ బ్యాటరీ విడిగా కొనాలి. టైమ్ నెట్ నుంచే తెచ్చుకుంటాయి. కాలేజ్ ఫైర్‌వాల్ ఆ టైమ్ సర్వీస్‌ని ఆపేస్తే బోర్డు పాత తేదీలోనే బతుకుతుంది, సురక్షిత వెబ్‌సైట్లన్నీ దానికి నకిలీలుగా కనిపిస్తాయి. చేత్తో తేదీ సెట్ చేస్తే అప్పటికి పని అవుతుంది.

వచ్చి పోతుంటే

కాసేపు వదిలేస్తే ఎస్‌ఎస్‌హెచ్ నత్తనడక నడవడం, పింగ్ టైమ్ ఒక్కసారిగా పెరగడం ఇవి పవర్ సేవ్ లక్షణాలు. "సుడో ఐడబ్ల్యూ డెవ్ డబ్ల్యూలాన్0 సెట్ పవర్, అండర్‌స్కోర్, సేవ్ ఆఫ్" కొట్టి తేడా చూడండి. ఇది రీబూట్ అయితే పోతుంది. శాశ్వతంగా కావాలంటే నెట్‌వర్క్‌మేనేజర్‌లో ఆ కనెక్షన్ పవర్‌సేవ్ విలువని 2 చేయాలి, 2 అంటే డిజేబుల్ అని అర్థం.

పై 4 లేదా 5కి యూఎస్‌బీ 3 ఎస్‌ఎస్‌డీ తగిలించాక వైఫై మందగించిందా? అది మీ భ్రమ కాదు. యూఎస్‌బీ 3 సిగ్నల్ చేసే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ మీద పడుతుందని ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో వివరంగా రాసింది. ఎస్‌ఎస్‌డీని షీల్డింగ్ బాగున్న కేబుల్‌తో బోర్డుకి కాస్త దూరం జరపండి, లేదా 5 గిగాహెర్ట్జ్‌కి మారిపోండి. పై 4లో మానిటర్‌ని 1440పీ రిజల్యూషన్‌లో పెట్టినప్పుడు వైఫై పడిపోవడం కూడా ఈ తరహా గొడవే, 1080పీకి దించి చూస్తే తేలిపోతుంది.

ఇవన్నీ అయ్యాక కూడా డబ్ల్యూలాన్0 వరుసే రావట్లేదా? "సుడో డీమెస్గ్" అవుట్‌పుట్‌లో "బీఆర్‌సీఎం" అని మొదలయ్యే లైన్లు వెతకండి. ఫర్మ్‌వేర్ లోడ్ కాలేదని ఉంటే అప్పుడు కొత్త కార్డ్‌తో ట్రై చేయడం న్యాయం, పాత కార్డ్ మాత్రం చెరపకుండా పక్కన పెట్టండి. కొత్త కార్డ్‌తోనూ అదే సీన్ అయితే ఆన్‌బోర్డ్ వైఫై పోయినట్టే అనుకుని యూఎస్‌బీ డాంగిల్‌కి వెళ్లొచ్చు. కొనేటప్పుడు డబ్బా మీద స్పీడ్ కాదు, లోపలి చిప్ పేరు చూడండి. మీడియాటెక్ ఎంటీ7612యూ లాంటి చిప్‌ల డ్రైవర్ లైనక్స్ కెర్నల్‌లోనే ఉంది, పెట్టగానే పనిచేస్తుంది. డ్రైవర్‌ని వేరేగా కంపైల్ చేసుకోవాల్సిన డాంగిల్ తీసుకుంటే, ప్రతి కెర్నల్ అప్‌డేట్ తర్వాత మళ్లీ లాన్ కేబుల్ వెతుక్కోవాల్సి రావచ్చు.