పురుగు ఫోటోకు ఫిల్టర్ వేసే ముందు

ఈసారి మేత గురించి కాదు, ఫోటో గురించి రాస్తున్నాం.

హోసూరు, డెంకణికోట, వేపనపల్లి, ఏ పక్క చూసినా పురుగులో తేడా కనిపిస్తే ఇప్పుడు మనం చేసే మొదటి పని సెల్లులో ఫోటో తీసి గుంపులో పెట్టడం, లేకుంటే పట్టు శాఖ సార్లకు పంపడం. మంచి పనే. అయితే ఫోటో బాగా కనపడాలని కొందరు ఫిల్టర్ వేసి పంపుతున్నారు. పెళ్ళి ఫోటోకు ఏం వేసినా నష్టం లేదు. పురుగుకు మాత్రం రంగు చూసే రోగం చెప్పాలి. ఆ రంగునే మార్చి పంపితే చూసేవాళ్ళు ఏం చెప్తారు?

ఫోటో అంటే అన్నీ చిన్న చిన్న చుక్కలు. ఒక్కో చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంత ఉండాలో 0 నుంచి 255 దాకా లెక్క ఉంటాది. ఫిల్టర్ ఆ లెక్కల్ని మారుస్తాది, అంతే. అక్కడున్నది పురుగా, మనిషి ముఖమా అని దానికి పట్టదు.

‘వార్మ్’ ఫిల్టర్ ఎరుపు, పసుపు పెంచుతాది. ఐదో దశలో బాగా మేస్తున్న తెల్ల పురుగుకు అది వేస్తే ఒళ్ళు పసుపు తిరిగినట్టు కనపడతాది. పసుపు తిరిగిందంటే మనకు రెండు అర్థాలు. ఒకటి, పురుగు పండింది, చంద్రికల్లో వేసుకోవాలి. రెండోది పాలరోగం. కణుపులు ఉబ్బి, చర్మం మెరిసి, చిట్లితే పాలలాంటి నీరు కారేది. రెండోదైతే ఆ పురుగుల్ని వెంటనే ఏరి పారేసే పని పడాల. ‘కూల్’ వేస్తే దీనికి తిరగబడి, నిజంగా పసుపు తిరిగిన పురుగు కూడా తెల్లగా ఆరోగ్యంగా కనపడతాది. ఇది ఇంకా మోసం.

ముఖాన్ని నున్నగా చేసే ‘స్మూత్’, ‘బ్యూటీ’ ఫిల్టర్లు అసలొద్దు. ఊజీ ఈగ పురుగు దూరిన చోట పడే నల్ల మచ్చ, ఒంటిమీద ఆవగింజకన్నా చిన్న గుడ్డు, ఇవన్నీ దాని లెక్కలో మొటిమలే. తుడిచేస్తాది. కొన్ని సెల్లుల కెమెరాలో ఇది ముందే ఆన్ అయి ఉంటాది, చూసుకోండి. వెలుతురు మరీ పెంచినా కష్టమే, సున్నపు రోగంతో గట్టిపడిన పురుగు మీది తెల్ల బూజు వెలుగులో కలిసిపోతాది.

ఆకు ఫోటో కూడా ఇంతే. లేత ఆకు పసుపై ఈనెలు పచ్చగా ఉంటే ఇనుము లోపం అనుకోవచ్చు. కింది ముదురాకు ముందు పసుపైతే నత్రజని చూడాల. ఆకుపచ్చ పెంచే ఫిల్టర్ వేస్తే ఈ తేడా పోతాది.

మరి పచ్చ షేడ్‌నెట్ కింద తీస్తే అన్నీ పచ్చగానే పడతాయి కదా అంటారు. నిజమే, అక్కడ ఎడిటర్ పనికొస్తాది. మేము వాడేది ఫోటోపీ. యాప్ వేసుకోనక్కర లేదు, బ్రౌజర్‌లో ఫోటోపీ డాట్ కామ్ అని కొడితే చాలు. ఫోటో మన సెల్లులోనే తెరుచుకుంటాది, వాళ్ళ సర్వర్‌కు పోదు.

ఫోటో తీసేటప్పుడే పురుగు పక్కన తెల్ల కాగితం ముక్క పెట్టండి. ఎడిటర్‌లో పైన ‘ఇమేజ్’, అందులో ‘అడ్జస్ట్‌మెంట్స్’, అందులో ‘కలర్ బ్యాలెన్స్’ నొక్కితే మూడు గీతలు వస్తాయి. కాగితం ఆకుపచ్చగా ఉంటే మెజెంటా వైపు, బల్బు వెలుగుకు పసుపుగా ఉంటే బ్లూ వైపు, కాగితం తెల్లగా అయ్యేదాకా కొంచెం కొంచెంగా జరపండి. పురుగును చూసి జరపొద్దు, కాగితాన్నే చూడాల. తర్వాత ‘ఫైల్’లో ‘ఎక్స్‌పోర్ట్ యాజ్’ నొక్కి జేపీజీగా దాచుకుంటే అది వేరే ఫోటోగా ఉంటాది, అసలుది చెడదు.

పంపేటప్పుడు రెండూ పంపండి. అసలుదాన్ని వాట్సాప్‌లో ‘డాక్యుమెంట్’గా పెట్టండి, మామూలుగా పంపితే కుదించి మసక చేస్తాది. మసక ఫోటోకు ‘షార్పెన్’ వేస్తే అంచులు తేలతాయే కానీ కెమెరా పట్టని మచ్చ కొత్తగా రాదు. దగ్గరికి పోయి ఇంకో ఫోటో తీసేదే మేలు.

పెబ్రిన్ అనుమానం ఉంటే ఫోటోలతో కాలం పోగొట్టవద్దు. 1865లో ఫ్రాన్సులో పాశ్చర్ ఈ రోగం మీద పని మొదలుపెట్టినప్పటి నుంచి ఈరోజు దాకా దాన్ని తేల్చేది మైక్రోస్కోపే. పురుగుల్నే తీసుకుపోయి చూపించాల.

గూళ్ళ ఫోటోకు తెలుపు పెంచి వ్యాపారులకు పంపేవాళ్ళూ ఉన్నారు. హోసూరు మార్కెట్లో అయినా, రామనగరంలో అయినా గూడు చేతిలోకి తీసుకునే ధర కడతారు, కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్పేది లేదు.

ఇంకొకటి. రోగం పురుగును పట్టి ఫోటో తీసిన చేత్తోనే పక్క బెడ్డుకు మేత వేయొద్దు, చేతులు కడుక్కోండి. సెల్లుకు ఒక ప్లాస్టిక్ కవరు తొడిగి లోపలికి తీసుకుపోయి, బయటికి రాగానే ఆ కవరు తీసేయండి.