పేదవాడికి ఒక ముక్క: ఫ్రెంచి ఇంటి భోజనం, బల్ల దగ్గర కథలు

ఫ్రాన్స్ అనగానే మనలో చాలామందికి ముందు యానాం గుర్తుకు వస్తుంది. గోదావరి ఒడ్డున ఉన్న ఆ తెలుగు ఊరు 1954 వరకు ఫ్రెంచివారి పాలనలో ఉండేది. ఆ తరువాత గుర్తుకు వచ్చేది వారి వంట. ఫ్రెంచి వంట అంటే పెద్ద హోటళ్లు, తెల్ల టోపీల వంటవాళ్లు, నోరు తిరగని పేర్లు అనుకుంటాం. కానీ అక్కడి అమ్మమ్మల వంట వేరు. ఒకే కుండలో, సన్నని మంట మీద, పెరటి కూరగాయలతో ఉడికే వంట అది. ఆ వంటతోపాటు కథలు కూడా వడ్డిస్తారు. ఈ సంచికలో మనం కాసేపు ఆ బల్ల దగ్గర కూర్చుందాం.

2010 నవంబరులో యునెస్కో ఫ్రెంచివారి విందు భోజనాన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. గమనించవలసిన విషయం ఏమిటంటే, ఆ గుర్తింపు ఏదో ఒక వంటకానికి ఇచ్చింది కాదు. పుట్టినరోజుకో, పెళ్లికో, పండుగకో ఇంటివారూ స్నేహితులూ కలిసి కూర్చుని, ఒక వరుస ప్రకారం నిదానంగా తినే అలవాటుకు ఇచ్చింది. ముందు ఒక తేలిక పదార్థం, తరువాత కూరగాయలతో చేప లేదా మాంసం, ఆ తరువాత చీజ్, చివర తీపి. ఒకటి ముగిశాకే మరొకటి వస్తుంది. ఆ మధ్య సమయమంతా మాటలదే.

నిప్పు మీది కుండ

ఆదివారం భోజనానికి పేరుపడిన వంటకం 'పొతోఫ'. ఆ మాటకు అర్థం నిప్పు మీది కుండ అనే. గొడ్డు మాంసం ముక్కలను చన్నీళ్లలో వేసి పొయ్యి మీద పెడతారు. పైకి తేలిన నురగ తీసేస్తారు. లవంగాలు గుచ్చిన ఉల్లిపాయ, దారంతో కట్టిన సువాసన ఆకుల కట్ట వేసి మూడు గంటలకు పైగా మరగనిస్తారు. క్యారెట్లు, టర్నిప్ దుంపలు, లీక్ అనే ఉల్లికాడల జాతి కూర తరువాత వేస్తారు. గట్టిగా ఉండే చవకరకం మాంసం కూడా ఇలా మెత్తబడుతుంది కాబట్టి పేదవారి ఇళ్లలోనూ ఈ వంట నిలిచింది. ముందు ఆ రసం తాగుతారు, తరువాత మాంసం, కూరలు ఆవపిండి ముద్దతో తింటారు. మిగిలినది మర్నాటికి మరో వంట అవుతుంది.

ఇందులో ఆరోగ్యానికి పనికివచ్చే ఒక కిటుకు ఉంది. చాలామంది గృహిణులు రసాన్ని ముందురోజే కాచి చల్లబెడతారు. కొవ్వు పైన గట్టిపడుతుంది. దాన్ని గరిటెతో తీసేసి మళ్లీ వేడిచేస్తారు. మన మటన్ పులుసుకు, బోన్ సూపుకు కూడా ఇది పనికివస్తుంది. గుండె జబ్బు, కొలెస్టరాల్ ఉన్నవారు గుర్తుపెట్టుకోండి.

కోడి పులుసు రాజు, ఆలుగడ్డ మందులవాడు

ఇదే పద్ధతిలో కోడిని ఉడికిస్తే బల్ల దగ్గర నాలుగవ హెన్రీ రాజు కథ వస్తుంది. 1589 నుండి 1610 వరకు పాలించిన ఈ రాజు, దశాబ్దాల పాటు సాగిన మత యుద్ధాల తరువాత 1598లో నాంట్ శాసనంతో ప్రొటెస్టెంట్లకు హక్కులు ఇచ్చినవాడు. తన రాజ్యంలో ప్రతి రైతు కుండలోనూ కోడి ఉడకాలని ఆయన కోరుకున్నాడని పెద్దలు పిల్లలకు చెబుతారు. అయితే ఆ మాట పుస్తకంలోకి ఎక్కింది ఆయన చనిపోయిన 50 ఏళ్ల తరువాత, 1661లో వచ్చిన ఒక జీవిత చరిత్రలో. ఆయన నిజంగా అన్నాడో లేదో గానీ, యుద్ధాలతో ఆకలి చూసిన జనం రాజు నుండి ఏమి వినాలనుకున్నారో ఆ కథ చెబుతుంది.

మిగిలిన మాంసాన్ని సన్నగా తరిగి, పైన మెదిపిన ఆలుగడ్డ పరిచి కాల్చే వంటకానికి పార్మెంటియే పేరు పెట్టారు. ఆయన (1737–1813) వంటవాడు కాదు, సైన్యంలో మందులు తయారుచేసే ఫార్మసిస్టు. ప్రష్యా యుద్ధంలో ఖైదీగా చిక్కినప్పుడు ఆయనకు పెట్టిన తిండి ఆలుగడ్డలే. ఫ్రాన్స్‌లో అప్పట్లో ఆలుగడ్డ తింటే కుష్ఠు వస్తుందని భయం. 1748లో పారిస్ న్యాయసభ దాని సాగునే నిషేధించింది. పార్మెంటియే మాత్రం తాను తిని బ్రతికాడు. స్వదేశానికి వచ్చి అది మంచి ఆహారమని చాటాడు. 1772లో పారిస్ వైద్యశాస్త్ర విభాగం కూడా అది తినదగినదేనని ప్రకటించింది. జనం నమ్మడానికి ఆయన ఒక ఉపాయం చేశాడని కథ. పారిస్ పక్కన సాబ్లాన్ అనే చోట ఆలుగడ్డ వేసి పగలు సైనికుల కాపలా పెట్టించాడట, రాత్రి తీసేయించాడట. కాపలా ఉందంటే విలువైనదే అయి ఉంటుందని చుట్టుపక్కలవారు రాత్రిపూట దుంపలు ఎత్తుకుపోయి నాటుకున్నారట! ఏది తింటే ఏ రోగం వస్తుందో అన్న పుకార్లు మనకూ కొత్త కాదు. పిల్లలు నవ్వుతూ వినే ఈ కథ పెద్దలకు కూడా మంచి పాఠమే.

బల్ల కింద పిల్లవాడు

జనవరి 6న, జ్ఞానులు బాలయేసును దర్శించిన పండుగకు, ఫ్రెంచి ఇళ్లలో 'రాజుల కేకు' కోస్తారు. ఉత్తరాన పొరలు పొరలుగా ఉండే రొట్టెలో బాదం ముద్ద పెట్టి చేస్తారు. దక్షిణాన చక్కెరలో ఊరిన పండ్లతో తీపి రొట్టె చేస్తారు. లోపల ఒక చిక్కుడు గింజ దాస్తారు. ఇప్పుడు చాలాచోట్ల దాని బదులు చిన్న పింగాణీ బొమ్మ ఉంటుంది. ఇంట్లో అందరికంటే చిన్నవాడు బల్ల కింద దూరతాడు. పెద్దలు ఒక్కొక్క ముక్క కోసి "ఇది ఎవరికి?" అని అడుగుతారు. వాడు ఎవరి పేరు చెబితే ఆ ముక్క వారికి. ఎవరు ఎక్కువ, ఎవరు తక్కువ అన్న లెక్క లేకుండా పంచడానికే ఈ ఏర్పాటు. గింజ దొరికినవారికి ఆ రోజంతా కాగితపు కిరీటం.

పాత ఆచారం ప్రకారం కూర్చున్నవారి లెక్కకంటే ఒక ముక్క ఎక్కువ కోసేవారు. దాన్ని 'పేదవాడి వాటా' అనేవారు. ఆ రోజు తలుపు తట్టిన మొదటి పేదవానికి అది ఇచ్చేవారు. ఇప్పుడు ఆ ముక్క కోసే ఇళ్లు తగ్గిపోయాయి. కానీ ఆ మాట మాత్రం పెద్దల నోట ఇంకా వినిపిస్తుంది.

వైన్ సంగతి

ఫ్రెంచి భోజనం గురించి రాస్తూ వైన్ మాట దాటవేస్తే నిజాయితీ కాదు. 1956 వరకు అక్కడి బడుల్లో చిన్నపిల్లలకు కూడా భోజనంతో వైన్ ఇచ్చేవారు. ఆ ఏడాది 14 ఏళ్లలోపు వారికి ప్రభుత్వం దాన్ని ఆపింది. 1990లలో రెడ్ వైన్ గుండెకు మంచిదన్న మాట ప్రపంచమంతా పాకింది. తరువాతి పరిశీలనల్లో ఆ మాటకు బలం తగ్గింది. మద్యం వల్ల క్యాన్సరు, కాలేయ జబ్బులు వస్తాయని స్పష్టంగా తేలింది. ఏ మోతాదులోనైనా మద్యం సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. కాబట్టి ఫ్రెంచి బల్ల నుండి నేర్చుకోవలసింది గ్లాసు కాదు.

నేర్చుకోవలసినవి వేరే ఉన్నాయి. వారు వేళకు తింటారు. పిల్లలకు సాయంత్రం నాలుగు గంటల ప్రాంతంలో ఒక చిరుతిండి ఇస్తారు. పాత పద్ధతి ఇళ్లలో మిగతా సమయంలో డబ్బాలు తెరవరు. వడ్డించే పాళ్లు చిన్నవి. తినడానికి రోజుకు రెండు గంటలకు పైగా కేటాయిస్తారు. నిదానంగా నమిలి తినేవారికి కడుపు నిండిన సంగతి తెలుస్తుంది. గబగబా తినేవారికి అది తెలిసేసరికే ఎక్కువ తినేసి ఉంటారు. షుగర్ ఉన్నవారికి ఈ తేడా ముఖ్యం.

ఖాళీ కుర్చీ

ఇంత పేరున్న కుటుంబ భోజనం ఉన్న దేశమే 2003 ఆగస్టులో ఒక పెద్ద దెబ్బ తిన్నది. పారిస్‌లో ఎండ 40 డిగ్రీలకు చేరువైంది. సెలవుల నెల కావడంతో కుటుంబాలు ఊళ్లకు, సముద్ర తీరాలకు వెళ్లాయి. వృద్ధులు చాలామంది పైఅంతస్తుల గదుల్లో ఒంటరిగా మిగిలారు. ఆ కొద్ది రోజుల్లో మామూలుకంటే సుమారు 15 వేల మంది ఎక్కువగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది 75 ఏళ్లు దాటినవారు. సెప్టెంబరు 3న పారిస్ దగ్గరి శ్మశానంలో, ఎవరూ వచ్చి అడగని 57 మందిని ప్రభుత్వమే పాతిపెట్టింది.

ఎండ ఒక్కటే వారిని చంపలేదు. మంచినీళ్లు తాగావా అని అడిగేవారు పక్కన లేకపోవడం కూడా చంపింది. వయసు పైబడితే దాహం సరిగా తెలియదు. ఒంటరిగా ఉంటే వండుకోవాలనిపించదు, తినాలనిపించదు. రోజూ కలిసి తినే ఇంట్లో ఒక పూట తాతగారు కంచం పక్కకు నెడితే ఎవరో ఒకరు గమనిస్తారు.

ఫ్రెంచివారు ఆ దెబ్బను మరచిపోలేదు. 2004లో వేసవి ప్రణాళిక తయారుచేశారు. దాని ప్రకారం పురపాలక సంఘాలు ఒంటరి వృద్ధుల పేర్లు నమోదు చేసుకుని, ఎండలు ముదిరినప్పుడు ఫోన్ చేసి మంచిచెడ్డలు కనుక్కుంటాయి. అదే ఏడాది మరో చట్టం తెచ్చారు. ఉద్యోగులు ఏడాదిలో ఒక రోజు అదనపు జీతం లేకుండా పనిచేస్తారు. అందుకు బదులుగా యజమానులు కట్టే డబ్బు వృద్ధుల, వికలాంగుల సంరక్షణకు వెళుతుంది. మొదట ఆ రోజుగా పెంతెకొస్తు పండుగ మరుసటి సోమవారాన్ని పెట్టారు. పేదవాడి వాటా ఈసారి చట్టంలోకి ఎక్కిందన్నమాట.

మన ఇంటికి వస్తే

మన దగ్గర కూడా 2015 మే నెల ఎండలకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వందలాది మంది చనిపోయారు. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి, పల్లెలో ఇద్దరే, ఒక్కోసారి ఒక్కరే మిగిలిన పెద్దవారు మనందరికీ తెలుసు. అందుకని ఈ నాలుగు పనులు చేద్దాం.

- రోజుకు ఒక్క పూటైనా ఇంటిల్లిపాదీ కలిసి తినండి. టీవీ, ఫోను పక్కన పెట్టండి.
- నానమ్మకు, తాతయ్యకు గదిలోకి కంచం పంపకండి. నడవగలిగితే అందరి దగ్గరికి తీసుకురండి. నడవలేకపోతే మీరే వారి మంచం దగ్గర కూర్చుని తినండి.
- వారి చిన్నప్పటి వంటల గురించి, కరువు రోజుల్లో ఏమి తిన్నారో అడగండి. కథ చెబుతూ మరో రెండు ముద్దలు తింటారు.
- వీధిలో ఒంటరిగా ఉన్న పెద్దవారి పేరు ఒకటి గుర్తుపెట్టుకోండి. ఎండాకాలంలో రోజూ ఒకసారి తలుపు తట్టి, మంచినీళ్లు, మజ్జిగ తాగారో లేదో అడగండి. ఆదివారం కూర వండితే ఒక గిన్నె ఎక్కువ వండండి.

ఈ ఆదివారం మీరు భోజనానికి కూర్చున్నప్పుడు ఒకసారి చుట్టూ చూడండి. ఎవరు రాలేదు?