మన ఉత్తరాలు మన సర్వర్లోనే

మన గోస్పాడు రైతుసంఘానికి సొంత మెయిల్ సర్వరు పెడతానన్నావని మీ అవ్వ చెప్పింది. శుభం నాయనా. ఏ సాఫ్ట్‌వేరు బాగుంటుందని అడుగుతున్నావంట. చెప్తా గానీ, ముందు ఆ సర్వర్లోకి ఏమేం వచ్చి చేరతాయో ఆలోచించు. పట్టాదారు పాసుపుస్తకాల కాపీలు, ఆధార్ కార్డులు, బ్యాంకు ఖాతా నంబర్లు, నంద్యాల విత్తనాల వాళ్లతో కుదుర్చుకున్న ధరలు. మామూలుగా పెట్టిన సర్వర్లో ఇవన్నీ డిస్కు మీద చదవడానికి వీలుగానే పడి ఉంటాయి. సర్వరు మీద పూర్తి అధికారం నీది కాబట్టి అందరి ఉత్తరాలూ నువ్వు చదవగలవు. నీ పాస్‌వర్డు కాజేసినవాడూ చదవగలడు. ఏం ఎంచుకున్నా ఈ సంగతి మనసులో పెట్టుకునే ఎంచుకోవాలి.

మెయిల్ ఎట్లా నడుస్తుందో కళ్లారా చూడాలంటే టెర్మినల్ తెరిచి సర్వరు 25వ పోర్టుతో నువ్వే మాట్లాడొచ్చు. అది 220 అని పలకరిస్తుంది. ‘ఈహెచ్‌ఎల్‌ఓ’ అని నీ పేరు చెప్తే 250 అంటుంది, అంటే సరేనని. ‘మెయిల్ ఫ్రమ్’ అని పంపేవారి అడ్రసు, ‘ఆర్‌సీపీటీ టు’ అని అందుకునేవారి అడ్రసు ఇస్తావు. మళ్లీ 250, ఇంకో 250. ‘డేటా’ అంటే 354 వస్తుంది, ఇక రాయమని. రాయడం అయిపోయిందని చెప్పడానికి ఒక లైన్లో ఒట్టి చుక్క పెట్టాలి. మరి ఉత్తరంలోనే ఎవరైనా చుక్కతో లైను మొదలుపెడితే? పంపే ప్రోగ్రాము దాని ముందు ఇంకో చుక్క చేరుస్తుంది, అందుకున్న ప్రోగ్రాము దాన్ని తీసేస్తుంది. ఈ చుక్క పద్ధతిని 1982లో జాన్ పోస్టెల్ మెయిల్ నియమాల్లో రాసిపెట్టాడు. ఇప్పటికీ ఆ చుక్క అట్లాగే ఉంది. ఎంత తేలిక ఉపాయమో అని నాకు ముచ్చటేస్తుంది.

అయితే ఇంత మాటామంతీలో ‘నువ్వు నిజంగా ఆ మనిషివేనా’ అని ఎవరూ అడగలేదు, గమనించావా? అప్పట్లో నెట్‌వర్కులో ఉన్నవి కొన్ని వందల కంప్యూటర్లే. అడగాల్సిన అవసరం ఎవరికీ తోచలేదు. దొంగ పేరుతో మెయిల్ రావడానికి సందు అక్కడే ఉంది.

ఇక సాఫ్ట్‌వేరు. 1980ల్లో ఎరిక్ ఆల్మన్ రాసిన సెండ్‌మెయిల్ అంతటా రాజ్యమేలింది. 1988 నవంబరు 2న రాబర్ట్ మోరిస్ అనే అమెరికా విద్యార్థి వదిలిన పురుగు ప్రోగ్రాము ఇంటర్నెట్టును అల్లకల్లోలం చేసింది. అది దూరిన దారుల్లో సెండ్‌మెయిల్ ఒకటి. పరీక్షల కోసం పెట్టుకున్న ‘డీబగ్’ అనే ఆజ్ఞను చాలాచోట్ల తీసెయ్యకుండా వదిలేశారు. దాంతో మెయిల్ అందుకునేవారి పేరు ఉండాల్సిన చోట ఆ పురుగు ఏకంగా ఆజ్ఞలే పంపింది, సర్వరు వాటిని నడిపేసింది. తేలిక పాస్‌వర్డులను ఊహించి కూడా అది లోపలికి పోయింది.

ఆ గాయం నుంచి నేర్చుకున్న పాఠం పోస్ట్‌ఫిక్స్‌లో కనిపిస్తుంది. వీట్సే వెనెమా ఐబీఎంలో ఉండగా రాసి 1998లో విడుదల చేశాడు. మన వడ్ల గోడౌన్లో కాటా వేసేవాడు వేరు, లెక్క రాసేవాడు వేరు, తాళంచెవి ఉన్నవాడు వేరు కదా, అట్లా పనిని చిన్నచిన్న ప్రోగ్రాములకు పంచాడు. బయటి మెయిల్ అందుకునేది ఒకటి, వరుసలో పెట్టేది ఒకటి, బయటికి పంపేది ఇంకొకటి. బయటివాళ్లతో మాట్లాడే ప్రోగ్రాముకు అధికారాలు బాగా తక్కువ. దాన్ని ఎవడైనా లొంగదీసుకున్నా మొత్తం సర్వరు వాడి చేతికి చిక్కదు. నా ఓటు దీనికే. వచ్చిన మెయిల్‌ను ఫోన్లో చూసుకోవడానికి డవ్‌కాట్, చెత్త మెయిల్‌ను వేరు చెయ్యడానికి ఆర్‌స్పామ్‌డీ వేసుకో. ఇవన్నీ కలిపి ఒకే మూటగా ఇచ్చే మెయిల్‌కౌ, మెయిల్-ఇన్-ఎ-బాక్స్ లాంటివీ ఉన్నాయి. మెయిల్‌కౌ సౌకర్యమే గానీ మెమరీ 6 జీబీ దాకా కోరుతుంది. ఒక్కో భాగాన్నీ విడిగా ఒకసారైనా చేతులతో అమర్చి చూస్తే గానీ చెడిపోయినప్పుడు ఎక్కడ వెతకాలో తెలియదు.

దీన్ని ఇంట్లో మాత్రం పెట్టొద్దు. కరెంటు పోతుందని కాదు. కరెంటు పోయినా పంపేవాళ్ల సర్వర్లు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తాయి. పోస్ట్‌ఫిక్స్ అయితే మామూలుగా 5 రోజుల దాకా వదలదు. అసలు చిక్కు ఐపీ అడ్రసుతో. ఇంటి కనెక్షన్ల ఐపీ మారుతుంటుంది, 25వ పోర్టును చాలాచోట్ల మూసేస్తారు, ఆ ఐపీ ఎవరిదని వెనక్కి అడిగితే నీ డొమైన్ పేరు రాదు. అట్లాంటి చోటు నుంచి వచ్చిన మెయిల్‌ను పెద్ద కంపెనీలు గడప తొక్కనివ్వవు. ఏదైనా డేటా సెంటర్లో చిన్న సర్వరు అద్దెకు తీసుకో. నీకిచ్చిన ఐపీ స్పామ్‌హౌస్ లాంటి నల్లజాబితాల్లో ముందే ఉందేమో కొనేముందే చూసుకో.

దొంగ పేరుతో మెయిల్ వచ్చే ఇందాకటి సందును పూడ్చడానికి డీఎన్‌ఎస్‌లో, అంటే డొమైన్ పేర్ల చిరునామా పుస్తకంలో, కొన్ని రికార్డులు పెట్టాలి. మా డొమైన్ పేరుతో ఏ సర్వర్లు పంపొచ్చో ఎస్‌పీఎఫ్ చెప్తుంది. డీకిమ్ ప్రతి ఉత్తరానికీ రహస్య తాళంతో సంతకం పెడుతుంది, దాన్ని సరిచూసే బహిరంగ తాళం డీఎన్‌ఎస్‌లో ఉంటుంది. ఈ రెండు పరీక్షలూ తప్పితే ఏం చెయ్యాలో డీమార్క్ చెప్తుంది. డీమార్క్‌ను మొదట ‘నన్’ అని పెట్టి, వచ్చే నివేదికలు చదివి, అంతా సరిగ్గా ఉందనుకున్నాకే ‘రిజెక్ట్’కు మార్చు. తొందరపడితే మన ఉత్తరాలే తిరస్కారమవుతాయి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ పెద్ద సంఖ్యలో పంపేవాళ్లకు ఈ మూడూ ఉండాల్సిందేనంటున్నాయి. మనం పంపేది కొద్దిపాటే అయినా మూడూ పెట్టు.

మనకు సంబంధంలేని వాళ్ల మెయిల్‌ను బయటికి చేరవేసే గుణం సర్వరుకు ఉండకూడదు. సభ్యులు పంపడానికి 465వ పోర్టు, చదవడానికి 993, రెండూ పాస్‌వర్డు అడిగేవే, గుప్తీకరించినవే. ఎక్కువ దాడులు ఈ పాస్‌వర్డుల మీదే జరుగుతాయి. సంఘంలో ఒక్కరి పాస్‌వర్డు పోతే రాత్రికి రాత్రి వేల చెత్త మెయిళ్లు పోతాయి, తెల్లారేసరికి ఐపీ నల్లజాబితాలో ఉంటుంది. అందుకే ఒక్కో సభ్యుడు గంటకు ఇన్ని మెయిళ్లే పంపాలని హద్దు పెట్టు. నీ లాగిన్‌కు పాస్‌వర్డు వద్దు, తాళంఫైలు వాడు. సర్వరు లాగులు, అంటే అందులో ఏం జరిగిందో రాసుకునే చిట్టాలు, దాచు. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు లాగులు 180 రోజులు ఉంచాలి, దాడి జరిగిందని తెలిశాక 6 గంటల్లోపు వాళ్లకు చెప్పాలి.

బ్యాకప్ వేరే చోట, గుప్తీకరించి పెట్టు. నెలకోసారి దాన్లోంచి ఒకరి మెయిల్‌పెట్టెను తిరిగి నిలబెట్టి చూడు. తిరిగి తెరిచి చూడని బ్యాకప్ మీద నాకు నమ్మకం లేదు.

ఇంకొక్క మాట. చదువైతే నువ్వు బెంగళూరో హైదరాబాదో పోతావు. డొమైన్ నీ పేరుతో కొనకు, సంఘం పేరుతో కొనమను. గడువు తీరినా ఎవరూ డబ్బు కట్టకపోతే ఆ పేరును ఇంకెవడైనా కొనుక్కుంటాడు, అప్పట్నుంచి మన రైతులకు వచ్చే మెయిళ్లన్నీ వాడికే చేరతాయి. నీతోపాటు ఇంకొకరికి సర్వరు పని నేర్పించు. డొమైన్ ఎక్కడ కొన్నారు, గడువు ఎప్పుడు, బ్యాకప్ తాళం ఏది, ఇవన్నీ కాగితం మీద రాసి కవర్లో పెట్టి అంటించి సంఘం బీరువాలో పెట్టించు. ఆ కాగితం తయారయ్యాకే రైతుల అడ్రసులు తెరువు.