7.4 స్థిర స్థాయి లెక్కలు: డిజాక్సిన్ ఉదాహరణ

రోజూ ఒకే మోతాదు వేసుకుంటున్నా రక్తంలో మందు స్థాయి మొదటి రోజే స్థిరపడదు. అది ఎంత దగ్గర స్థిరపడుతుంది, అందుకు ఎన్నాళ్లు పడుతుంది అనేవి రెండు వేర్వేరు ప్రశ్నలు. గుండె జబ్బులో వాడే డిజాక్సిన్‌తో వీటిని పరిశీలిద్దాం. ఈ మందులో మేలు చేసే స్థాయికీ హాని చేసే స్థాయికీ మధ్య తేడా చాలా తక్కువ. గుండె వైఫల్యంలో సాధారణంగా లీటరు సీరంలో 0.5 నుంచి 0.9 మైక్రోగ్రాములు ఉండేలా చూస్తారు.

సూత్రాలు

(1) అర్ధాయువు = 0.693 × వితరణ ఘనపరిమాణం ÷ క్లియరెన్స్

(2) సగటు స్థిర స్థాయి = (జీవలభ్యత × మోతాదు) ÷ (క్లియరెన్స్ × మోతాదుల మధ్య వ్యవధి)

మందు స్థాయి సగానికి తగ్గేందుకు పట్టే కాలమే అర్ధాయువు. శరీరంలోని మొత్తం మందును రక్తంలోని స్థాయితో భాగిస్తే వచ్చేది వితరణ ఘనపరిమాణం. డిజాక్సిన్ కండరాల్లో ఎక్కువగా చేరుతుంది. అందుకే 60 కిలోల మనిషిలో ఇది సుమారు 420 లీటర్లు. అంటే ఇది నిజమైన పాత్ర పరిమాణం కాదని గ్రహించండి.

ఉదాహరణ 1

ఈ మనిషిలో అర్ధాయువు 40 గంటలు, జీవలభ్యత 0.7 అనుకుందాం. రోజుకు 125 మైక్రోగ్రాముల మాత్ర ఒకటి ఇస్తున్నారు.

క్లియరెన్స్ = 0.693 × 420 ÷ 40 = గంటకు 7.28 లీటర్లు

స్థిర స్థాయి = (0.7 × 125) ÷ (7.28 × 24) = లీటరుకు 0.5 మైక్రోగ్రాములు

ఒక అర్ధాయువు గడిచేసరికి ఇందులో 50 శాతం, రెండు గడిస్తే 75 శాతం, అయిదు గడిస్తే సుమారు 97 శాతం చేరుతుంది. అంటే దాదాపు 8 రోజులు.

ఉదాహరణ 2

డిజాక్సిన్ ప్రధానంగా మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది. అవి దెబ్బతిని క్లియరెన్స్ సగమైందని, వితరణ ఘనపరిమాణం మారలేదని అనుకుందాం. అర్ధాయువు 80 గంటలవుతుంది. అదే మాత్రతో స్థాయి 1.0కి చేరి, లక్ష్యాన్ని దాటుతుంది. అయితే అందుకు దాదాపు 17 రోజులు పడుతుంది. నాలుగో రోజున పరీక్షిస్తే స్థాయి ఇంకా 0.6 దాటదు. అది చూసి మోతాదు సరిపోయిందని భావించడం ప్రమాదకరం.

గమనిక: మాత్ర వేసుకున్నాక కనీసం 6 గంటలు ఆగి రక్త నమూనా తీయాలి. అంతకు ముందు మందు కణజాలాల్లోకి పూర్తిగా చేరదు కనుక స్థాయి ఎక్కువగా కనిపిస్తుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

ఉదాహరణ 2లోని రోగికి స్థిర స్థాయి 0.5 ఉండాలంటే రోజుకు సగటున ఎంత మోతాదు కావాలి?

జవాబు: 62.5 మైక్రోగ్రాములు. క్లియరెన్స్ సగమైతే మోతాదూ సగం కావాలి.