మన బిడ్డకు మంచి మార్కులు వచ్చినపుడు

బిడ్డ తొలిసారి తన పేరు తానే వ్రాసికొనిన దినమున, లేక బడి నుండి మంచి మార్కులతో ప్రోగ్రెస్ కార్డు తెచ్చిన దినమున తల్లిదండ్రుల సంతోషమునకు హద్దుండదు. అట్టి వేళ ఇరుగుపొరుగు వారి నోరు తీపి చేయుట మన గ్రామములలో చిరకాలముగా ఉన్న ఆచారము. ఇందు తప్పుపట్టవలసినది ఏమియు లేదు. అయితే ఆ సంతోషమును ఎవరి ఎదుట, ఏ మాటలతో వెల్లడించుచున్నామను సంగతి కొంత ఆలోచింపదగినది. మన మాటలు వినుచున్న మరొక తల్లి కొంగు పట్టుకొని ఆమె బిడ్డయు నిలిచియుండును గదా!

తాండూరు ప్రాంతమునే తీసికొందము. 1956 వరకు ఇది గుల్బర్గా జిల్లాలోని తాలూకా. రాష్ట్రముల పునర్విభజనలో ఆంధ్రప్రదేశ్‌లో చేరినది. 2016 నుండి తెలంగాణలోని వికారాబాదు జిల్లాలో ఉన్నది. కర్ణాటక సరిహద్దు దాపుననే ఉండుటచే ఇక్కడి ఇండ్లలో తెలుగుతో పాటు కన్నడము, ఉర్దూ కూడ వినవచ్చును. తండాలలో లంబాడీ మాటలాడుదురు. కందిచేలలో కూలికి పోవువారి పిల్లలు, నాపరాతి గనులలోను బండల పాలిషింగు యూనిట్లలోను పనిచేయువారి పిల్లలు, దుకాణదారుల పిల్లలు ఒకే తరగతి గదిలో కూర్చుండుట ఇక్కడ వింత కాదు. ఇంటిలో అమ్మ ఒడిలోనే తెలుగు పుస్తకము చూచిన బాలికయు, బడికి వచ్చిన పిదపనే తెలుగు వాక్యము చెవినిపడిన బాలుడును ఒకే ప్రశ్నకు జవాబు వ్రాయవలెను. మార్కులలో తేడా రాక మానదు. ఆ తేడాను బట్టి వారి తెలివిని నిర్ణయించుట న్యాయము కాదు.

వయస్సు సంగతి కూడ అట్టిదే. ఒకే తరగతిలో చేరిన ఇద్దరు పిల్లలలో ఒకడు మరియొకని కన్న పదునొకండు నెలలు పెద్దవాడై ఉండవచ్చును. పెద్దలకు పదునొకండు నెలలు లెక్కలోనికి రావు. ఆరేండ్ల బిడ్డకు అది అంతవరకు గడచిన ఆయువులో దాదాపు ఆరవ వంతు! పెద్దవాడు ఒత్తులు గడగడ చదువుచుండ చిన్నవాడు గుణింతము వద్దనే ఆగియుండుట సహజము.

ఇది తెలియక, "అక్కా, మీ పిల్లగానికి ఇంకా ఒత్తులు రాలేదా? మా బిడ్డ పేపరు కూడ చదువుతది" అని బడి వాకిట అనుచుందుము. అన్నవారికి అది ఒక మాట మాత్రమే. విన్నతల్లి తాను చదువుకొననిదైనచో, బిడ్డ వెనుకబాటునకు తన నిరక్షరాస్యతయే కారణమని కుములును. తండ్రి చెవిని పడినచో ఆ రాత్రి బిడ్డకు దెబ్బలు పడవచ్చును. "వీనికి చదువు అబ్బదు" అను మాట ఇంటిలో ఒకసారి స్థిరపడినచో, పనుల కాలమున మొదట బడి మానునది ఆ బిడ్డయే. బడిలో బోధన పిల్లలను భయాందోళనల నుండి విముక్తులను చేయునదిగా ఉండవలెనని 2009 నాటి విద్యాహక్కు చట్టము చెప్పుచున్నది. 2010 ఏప్రిల్ 1 నుండి అది అమలులోనికి వచ్చినది. బడి గేటు వెలుపల మనమాడు మాటలకు మాత్రము చట్టము లేదు.

అన్నిటికన్న సున్నితమైనది ఉమ్మడి కుటుంబము. తోడికోడండ్ర బిడ్డలు ఒకే యీడువారై ఒకే తరగతిలో ఉన్నపుడు, ఒకరి కార్డు చూచిన ప్రతి కన్ను రెండవ కార్డును వెదకును. ఇంటికి చుట్టములు వచ్చినపుడు నాయనమ్మ ముచ్చటపడి ఒక మనుమరాలిని మాత్రమే పిలిచి ఎక్కములు చెప్పించును; రెండవ పిల్ల తలుపు చాటున నిలుచును. ఇట్టి ఇండ్లలో కార్డులను పది మంది నడుమ విప్పక, ఏ తల్లి తన బిడ్డ కార్డును ఆ బిడ్డతోనే కూర్చుండి చూచుట మేలని మా అభిప్రాయము. మిఠాయి తెచ్చినచో ఇద్దరికిని తేవలెను. అది "మార్కుల మిఠాయి" అని పేరు పెట్టనక్కరలేదు. చిన్నమ్మ తానై, "పెద్దమ్మ బిడ్డ బొమ్మ ఎంత బాగ వేసిందో చూడు" అని ఆ రెండవ పిల్లలోని గుణము నొకదానిని పైకి తెచ్చినచో, ఇంటిలోని బరువు సగము దిగును. అయితే ఆ గుణము నిజముగా ఉన్నదై ఉండవలెను. లేని గొప్పను పిల్లలు ఇట్టే కనిపెట్టుదురు.

మితిమీరిన వినయము కూడ మేలు కాదు. పొరుగువారు మెచ్చుకొనగనే, "దానికేమొచ్చు, మొద్దు" అని బిడ్డ ఎదుటనే కొట్టివేయువారు కలరు. దిష్టి తగులునను భయము కొంత, మర్యాద కొంత. దిష్టి తీయదలచినవారు సాయంకాలము ఉప్పుతో తీసికొనవచ్చును. బిడ్డను మొద్దనుట దేనికి? "అవును, ఈసారి రోజూ కూర్చొని చదివింది" అని యథార్థము చెప్పిన చాలును.

మెచ్చుకొను తీరును గురించి 1998లో ప్రకటింపబడిన ఒక పరిశోధన కలదు. అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమున క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అనువారు ఐదవ తరగతి పిల్లలకు కొన్ని చిక్కు ప్రశ్నలిచ్చి, కొందరిని "తెలివిగలవారు" అనియు, మరికొందరిని "బాగుగా కష్టపడినారు" అనియు మెచ్చుకొనిరి. తరువాత కఠినమైన ప్రశ్నలు రాగా మొదటివారు త్వరగా నిరుత్సాహపడిరి. అంతే కాదు, తమ మార్కులను ఇతరులకు తెలుపవలసి వచ్చినపుడు వారిలో ప్రతి ఐదుగురికి దాదాపు ఇద్దరు ఎక్కువ చేసి వ్రాసిరి. కష్టమును మెచ్చుకొనబడినవారిలో అట్లు చేసినవారు చాల తక్కువ.

ఇప్పుడు వాట్సాపు వలన బడి వాకిలి ప్రతి చేతిలోనికి వచ్చినది. తరగతి తల్లిదండ్రుల గ్రూపులో ఒకరు కార్డు ఫొటో పెట్టగనే తక్కినవారు తమ కార్డులు చూచుకొందురు. ఆ ఫొటోను తాతకు, మేనమామకు విడిగా పంపిన సరిపోవును. గ్రూపులో ఉపాధ్యాయునికి కృతజ్ఞత తెలుపదలచినచో మార్కుల సంఖ్య లేకయే తెలుపవచ్చును.

పొరుగుతల్లి తానై వచ్చి, "మీ పిల్ల ఎట్ల చదువుతది, వదినా?" అని అడిగినపుడు దాచనక్కరలేదు. ఏ వేళ కూర్చుండబెట్టుచున్నారో, ఎవరు ప్రక్కన ఉందురో చెప్పవలెను. ఒకే వాడలోని వారైనచో ఇద్దరు పిల్లలను ఒకే అరుగుపై ఒకే పుస్తకముతో కూర్చుండబెట్టవచ్చును. ఒత్తులు వచ్చిన పిల్ల రాని పిల్లకు పలికి చూపుచుండగా పెద్దలు నడుమ పోయి, "ఎవరు ముందు చదివినారు?" అని అడుగకుండిన చాలును.