ఒక్క మాట, మూడు తీర్పులు

ఫోన్‌ల ఒక హదీస్ వస్తది. కింద "ప్రవక్త చెప్పిండు, ఇగ మాట్లాడేదేముంది" అని రాసుంటది. మాట్లాడేది చాన ఉన్నది తమ్ముడూ. హదీస్ అంటే ఒకప్పుడు జరిగిన సంగతిని ఒకరు చూసి చెప్తే, ఇంకొకరు విని దాచిన మాట. షరియత్‌ల అది సాక్ష్యం. సాక్ష్యం, తీర్పు ఒక్కటి కాదు.

మదీనాల ఫాతిమా బింత్ ఖైస్ అనే ఆమె ఉండె. భర్త ఊర్ల లేకుండనే ఆఖరి తలాక్, మూడోది, పంపిండు. ఖర్చు కింద ఆయన మనిషి కొన్ని బార్లీ గింజలు ఇచ్చిండు. ఆమెకు కోపమొచ్చి ప్రవక్త దగ్గరికి పోయింది. నీకు ఖర్చు రాదు, ఆ ఇంట్ల ఉండే హక్కూ లేదు, కండ్లు కనపడని ఇబ్న్ ఉమ్ మక్తూం ఇంట్ల ఇద్దత్ గడుపు అని ప్రవక్త అన్నడని ఆమె చెప్పింది. ఇద్దత్ అంటే తలాక్ అయినంక మళ్ల పెండ్లి చేసుకోకుండ ఆగే గడువు.

ఖలీఫా ఉమర్ ఈ మాట ఒప్పుకోలే. తలాకైన ఆడోళ్లకు ఇల్లు ఇయ్యాలని ఖురాన్‌ల ఉంటే, ఒక్కామె యాదిని నమ్మి దాన్నెట్ల విడిచిపెడ్తమన్నడు. ఆయెషా ఇంకో తీరు చెప్పింది: ఆమె ఉన్న ఇల్లు ఊరికి దూరం, ఒంటరి జాగ, భయముండె, అందుకే మారమన్నరని. అంటే ఫాతిమా అబద్ధమాడిందని కాదు, ఒక్కామె కష్టం చూసి ఇచ్చిన వెసులుబాటు అందరికీ చట్టం కాదని. ఫాతిమా గూడ ఊకోలే. ఇంట్లనే ఉంచమన్నది మొగుడుపెండ్లాలు మళ్ల కలుస్తరేమో అన్న ఆశతోని, మూడు తలాకులైనంక ఇగ కలిసేదేముందని ఖురాన్ తీసుకొనే ఎదురడిగింది. నాకైతే ఆమె వాదన గట్టిదే అనిపిస్తది.

ఇమాములు మూడు తొవ్వలు పట్టిర్రు. అబూ హనీఫా ఉమర్ దిక్కు: ఇద్దత్ అయ్యేదాక ఇల్లూ, ఖర్చూ రెండూ ఇయ్యాలె. మాలిక్, షాఫీ: ఇల్లు ఇయ్యాలె, కడుపుతోని ఉంటేనే ఖర్చు. అహ్మద్ ఇబ్న్ హంబల్ ఫాతిమా మాటే పట్టుకున్నడు: కడుపుతోని లేకుంటే రెండూ రావు. మన హైదరాబాద్‌ల ఎక్కువమంది హనఫీలు, బార్కస్‌ల యెమెన్ నుంచి వచ్చిన కుటుంబాలు షాఫీలు. ఒక్క పట్నంలనే, తలాకైన ఆడామెకు ఆ మూడు నెలల తిండి ఎవరు పెట్టాలనే దానికి రెండు జవాబులు! (ఇద్దత్ దాటినంక సంగతి వేరే. 2024 జులైల తెలంగాణ నుంచి పోయిన కేసుల సుప్రీంకోర్టు, తలాకైన ముస్లిం ఆడోళ్లు గూడ మామూలు చట్టం కింద భరణం అడగొచ్చని చెప్పింది.)

ఉమర్ మాట పట్టుకొని "ఆడదాని సాక్ష్యం చెల్లదు" అనేటోళ్లు ఉన్నరు. వాళ్లకు ఫురైఆ సంగతి చెప్పుర్రి. ఆమె భర్తను చంపేసిర్రు. గడువు అయ్యేదాక ఆ ఇంట్లనే ఉండుమని ప్రవక్త తనకు చెప్పిండన్నది. ఖలీఫా ఉస్మాన్ ఆమెను పిలిచి అడిగి, ఆ ఒక్కామె మాట మీదనే తీర్పిచ్చిండు. ఫాతిమా మాటను గూడ మొత్తం పారేయలే. ఇద్దత్ అయినంక తనను ఇద్దరు అడిగిర్రని, వాళ్ల లోపాలు ప్రవక్త ముంగటనే చెప్పి ఉసామాను చేసుకొమ్మన్నడని అదే హదీస్‌ల చెప్పింది. పెండ్లి సంబంధం గురించి సలహా అడిగితే ఉన్న లోపం ఉన్నట్టు చెప్పొచ్చు, అది చాడీ కాదు అనేదానికి పండితులు ఇప్పటికీ చూపేది ఆమె మాటనే.